కోచ్‌ కుర్చీ ఖరీదెంత? కట్టేదెవరు?

అమెరికాలో మార్చి నెల వచ్చిందంటే ఆఫీసుల్లో పని సగం మందగిస్తుంది. 68 కాలేజీ జట్లు తలపడే ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు మొదలవుతుంది. ‘మార్చ్‌ మ్యాడ్‌నెస్’ అని ఊరికే అనలేదు. ఐపీఎల్ సీజన్లో మన ఊళ్లలో ఎలా ఉంటుందో ఇక్కడ అలా ఉంటుంది. అయితే ఓడిన జట్ల కథ కోర్టు దగ్గరే ముగియదు. ఆ రాత్రి నుంచే ఇంకో ఆట మొదలవుతుంది. ఏ కోచ్‌ను పంపేస్తారు, ఎవరిని తెస్తారు, ఎంత ఇస్తారు అన్నదే ఆ ఆట. టోర్నమెంటును మించిన ఉత్కంఠ అక్కడే.

మేముండేది కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో. ఈ ఊళ్లో బాస్కెట్‌బాల్ దాదాపు మతం లాంటిది. నా ఉద్యోగం అకౌంటింగ్. ఆట మీద నాకు పెద్దగా ఆసక్తి ఉండేది కాదు. మా అమ్మాయి చదివే యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ జట్టుకు స్టూడెంట్ మేనేజర్‌గా చేరింది. రెండేళ్లు తిరిగేసరికి, ‘‘అమ్మా, డిగ్రీ అయ్యాక నేను కోచింగ్ లైన్లోకి వెళ్తాను’’ అంది. చదువుతున్నది స్టాటిస్టిక్స్. తోటి పిల్లలంతా డేటా సైన్స్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఇస్తున్నారు. మావారు రెండు రోజులు మాట్లాడలేదు. నేను మాత్రం నాకు వచ్చిన పని మొదలుపెట్టాను. ఆ రంగంలో డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి చేతికి వెళ్తుంది అని కాంట్రాక్టులు తీసి చదవడం మొదలుపెట్టాను.

ప్రభుత్వ యూనివర్సిటీల కోచ్‌ల కాంట్రాక్టులు పబ్లిక్ రికార్డులు. మన సమాచార హక్కు చట్టం లాంటివి ఇక్కడ రాష్ట్రానికొకటి ఉన్నాయి. పత్రికలు ఏటా ఆ కాంట్రాక్టులను తెప్పించి అచ్చు వేస్తుంటాయి. డ్యూక్, బేలర్ లాంటి ప్రైవేటు సంస్థలు కాంట్రాక్టు చూపించవు. అయినా లాభాపేక్ష లేని సంస్థలుగా ఏటా ఐఆర్‌ఎస్‌కు ఇచ్చే 990 ఫారంలో ఎక్కువ జీతాలు తీసుకునేవారి పేర్లు బయటపడతాయి. పిల్లల్ని ఇక్కడి కాలేజీల్లో చదివిస్తున్న మనం ఈ లెక్కలు తెలుసుకోవడం అవసరమే. ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది.

డ్రిల్లు మాస్టారికి అంత జీతమా?

2024 మార్చి 21న కెంటకీ జట్టు మొదటి రౌండ్లోనే ఓక్లండ్ చేతిలో 80–76 తేడాతో ఓడిపోయింది. ఈ ఓక్లండ్ కాలిఫోర్నియాలోది కాదు, మిషిగన్‌లోని చిన్న యూనివర్సిటీ. మర్నాడు మా ఆఫీసులో ఎవరూ మ్యాచ్ గురించి మాట్లాడలేదు. అందరి నోటా ఒకటే అంకె... 3.3 కోట్ల డాలర్లు. కోచ్ జాన్ కాలిపారిని అప్పుడు తీసేస్తే ఒప్పందం ప్రకారం యూనివర్సిటీ చెల్లించాల్సిన మొత్తం దాదాపు అంత.

ఆ రోజుల్లో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఈ సంగతి విని, ‘‘ఏమ్మా, డ్రిల్లు మాస్టారిని ఇంటికి పంపడానికి అంతా? ఉంచుకుంటే ఎంతిస్తారు?’’ అన్నారు. నవ్వొచ్చింది కానీ, అసలు ప్రశ్న అదే.

కాలిపారి 2009లో కెంటకీకి వచ్చారు. 2012లో ఛాంపియన్‌షిప్ గెలిపించారు. 2019లో పదేళ్లకు 8.6 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. 2024 ఏప్రిల్లో యూనివర్సిటీ ఆయన్ను తీసేయలేదు. ఆయనే ఆర్కన్సాకు వెళ్లిపోయారు. అక్కడ ఏడాదికి 70 లక్షల డాలర్లు, అయిదేళ్ల ఒప్పందం. తనంతట తాను వెళ్లాడు కాబట్టి కెంటకీ మీద ఆ 3.3 కోట్ల భారం పడలేదు. మిగతా పెద్ద కోచ్‌ల లెక్కలూ ఇలాగే ఉంటాయి. కాన్సస్ కోచ్ బిల్ సెల్ఫ్‌కు 2023లో అయిదేళ్లకు 5.3 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. కనెక్టికట్‌కు 2023, 2024లో వరుసగా రెండు టైటిళ్లు తెచ్చిన డాన్ హర్లీని లాస్ ఏంజిలెస్ లేకర్స్ రమ్మంది. ఆయన వెళ్లలేదు. ఆ వెంటనే యూనివర్సిటీ ఆరేళ్లకు 5 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం రాసింది.

అమెరికా అధ్యక్షుడి జీతం ఏడాదికి 4 లక్షల డాలర్లు. చాలా రాష్ట్రాల్లో అత్యధిక జీతం తీసుకునే ప్రభుత్వోద్యోగి గవర్నరూ కాదు, యూనివర్సిటీ ప్రెసిడెంటూ కాదు. ఫుట్‌బాల్ కోచో, బాస్కెట్‌బాల్ కోచో!

డబ్బు కోచ్ దగ్గరే ఎందుకు ఆగింది?

టీవీ హక్కులే దీనికి మూలం. 2010లో సీబీఎస్, టర్నర్ సంస్థలు ఈ టోర్నమెంటును 14 ఏళ్లకు 1080 కోట్ల డాలర్లకు కొన్నాయి. 2016లో మరో 880 కోట్లిచ్చి ఆ హక్కులను 2032 వరకు పొడిగించుకున్నాయి. దానికి తోడు టికెట్లు, దాతల విరాళాలు, షూ కంపెనీల ఒప్పందాలు ఉన్నాయి.

ఇంత ఆదాయమున్న ఏ వ్యాపారంలోనైనా పెద్ద వాటా ఆడేవాళ్లకు పోతుంది. కాలేజీ ఆటల్లో పోలేదు. ఆటగాళ్లు ‘విద్యార్థులు’ కాబట్టి స్కాలర్‌షిప్‌కు మించి ఇవ్వకూడదని ఎన్‌సీఏఏ నిబంధన పెట్టింది. ఖర్చు పెట్టడానికి మిగిలిన దారులు రెండే. భవనాలు ఒకటి, కోచ్‌లు రెండోది.

కోచ్‌ల జీతాలకు కూడా కళ్లెం వేద్దామని ఒకసారి ప్రయత్నించారు. 1990ల మొదట్లో ప్రతి జట్టులో ఒక అసిస్టెంట్ కోచ్‌కు ఏడాదికి 16 వేల డాలర్లు మించి ఇవ్వరాదని ఎన్‌సీఏఏ రూలు పెట్టింది. ఆ కోచ్‌లు కోర్టుకెళ్లారు. యూనివర్సిటీలన్నీ కూడబలుక్కుని జీతాన్ని తొక్కిపెట్టడం పోటీ చట్టానికి విరుద్ధమని 1998లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది 5.45 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అప్పట్నుంచి ఎన్‌సీఏఏ కోచ్‌ల జీతాలకు గరిష్ఠ పరిమితి మళ్లీ పెట్టలేదు. ఆటగాళ్ల జీతం సున్నా దగ్గర ఆగింది, కోచ్‌ల జీతానికి పైకప్పు లేకుండా పోయింది. మధ్యలో డబ్బు ఎటు పారుతుందో చెప్పడానికి అకౌంటెంటు అక్కర్లేదు.

ఇప్పుడు ఆ లెక్క మారుతోంది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మల మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో ‘హౌస్’ కేసు రాజీకి కోర్టు ఆమోదం తెలిపాక, యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బు పంచుతున్నాయి. 2025–26 సంవత్సరానికి ఒక్కో యూనివర్సిటీ అన్ని ఆటలకూ కలిపి దాదాపు 2.05 కోట్ల డాలర్ల వరకు ఇవ్వొచ్చు. ఎఫ్‌-1 వీసా మీద వచ్చిన విదేశీ ఆటగాళ్లకు మాత్రం ఈ డబ్బు తీసుకోవడంలో చిక్కులున్నాయి. వీసా నిబంధనలు పనిచేసి సంపాదించడాన్ని కట్టడి చేస్తాయని మనకు వేరే చెప్పాలా?

పెళ్లిళ్ల పేరయ్యలు

ఇక కోచ్‌ను వెతికే పద్ధతి. ప్రభుత్వోద్యోగం కదా, ప్రకటన ఇస్తారు, దరఖాస్తులు తీసుకుంటారు, ఇంటర్వ్యూలు పెడతారు అనుకుంటాం. చాలాచోట్ల ఆ ప్రకటన లాంఛనమే. అసలు సంగతి వేరు.

ప్రతి అథ్లెటిక్ డైరెక్టర్ దగ్గర ఒక చిట్టా ఉంటుందంటారు. ఉన్న కోచ్ రేపు వెళ్లిపోతే ఎవరిని పిలవాలన్న నాలుగైదు పేర్లు అందులో ఉంటాయి. ఆ పేర్లన్నీ ఇంకో చోట ఉద్యోగం చేస్తున్నవే. వాళ్ల సీజన్ ఇంకా నడుస్తూ ఉంటుంది. ‘నేను ఫలానా ఉద్యోగానికి అప్లై చేశాను’ అని వాళ్లు బయటపడలేరు. బయటపడితే ఇప్పుడున్న జట్టులో ఆటగాళ్లు చెదిరిపోతారు. దాతలు మొహం చాటేస్తారు. అడిగి కాదనిపించుకోవడం యూనివర్సిటీకి కూడా నామోషీ.

అందుకే మధ్యవర్తులు కావాలి. పార్కర్, కార్న్ ఫెర్రీ లాంటి సెర్చ్ సంస్థలు ఆ పని చేస్తాయి. పూర్వం మన ఊళ్లలో పెళ్లిళ్ల పేరయ్య ఇదే చేసేవాడు. అబ్బాయి వాళ్లు అమ్మాయి వాళ్లింటికి నేరుగా వెళ్లరు. పేరయ్య వెళ్లి, ‘మంచి సంబంధం ఒకటుంది, మీకు ఉద్దేశముందా?’ అని వాకబు చేస్తాడు. కుదిరితే ఇద్దరూ చూసుకుంటారు. కుదరకపోతే అసలు అడిగినట్టే ఉండదు. ఇక్కడా అంతే. సంస్థ వాళ్లు కోచ్ ఏజెంటుతో మాట్లాడతారు. ‘మేం ఎవరితోనూ మాట్లాడలేదు’ అని డైరెక్టరూ, ‘నన్ను ఎవరూ సంప్రదించలేదు’ అని కోచూ విలేకరులకు చెబుతారు. మాటవరసకు ఇద్దరూ నిజమే చెప్పినట్టు. పని ప్రైవేటు సంస్థ చేతిలో ఉంటే కాగితాలు సమాచార హక్కు పరిధిలోకి రావడమూ కష్టమే. దీన్ని తప్పుపట్టేవాళ్లు చాలామందే ఉన్నారు.

పేరయ్య చేయాల్సిన రెండో పని వంశం, గోత్రం విచారించడం. 2014లో సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీ మన్‌హాటన్ కాలేజీ కోచ్ స్టీవ్ మాసియెల్లోను తీసుకోవడానికి ఒప్పుకుంది. తీరా ధ్రువపత్రాలు చూస్తే రెజ్యుమేలో రాసుకున్న కెంటకీ డిగ్రీ ఆయన పూర్తి చేయనే లేదు. ఒప్పందం అక్కడితో ఆగిపోయింది. ఆయన తర్వాత ఆ డిగ్రీ పూర్తి చేసి పాత ఉద్యోగంలోకి తిరిగి వెళ్లారు. అంతకు ముందు ఏడాది రట్గర్స్‌లో ఇంకో సంగతి బయటపడింది. కోచ్‌గా తీసుకున్న ఎడ్డీ జోర్డన్‌ను అదే యూనివర్సిటీ పట్టభద్రుడని పరిచయం చేశారు. నిజానికి ఆయన డిగ్రీ పూర్తి కాలేదు. తమ విద్యార్థి డిగ్రీ పూర్తి చేశాడో లేదో తమ రికార్డుల్లోనే చూసుకోలేదన్నమాట! హెచ్‌-1బీ కోసం పదో తరగతి మార్కుల జాబితా నుంచి అన్నీ నోటరీ చేయించుకుని పంపిన మనకు ఇది వింతగానే ఉంటుంది.

కుర్చీలాట

ఒక కుర్చీ ఖాళీ అయితే దేశమంతా కదులుతుంది. 2024 వసంతంలో డాలస్‌లోని ఎస్‌ఎంయూ తన కోచ్‌ను తీసేసింది. ఆ కుర్చీలోకి సదరన్ కాలిఫోర్నియా కోచ్ యాండీ ఎన్‌ఫీల్డ్ వెళ్లారు. ఆయన స్థానంలోకి ఆర్కన్సా నుంచి ఎరిక్ మసల్మన్ వచ్చారు. ఆర్కన్సాకు కెంటకీ నుంచి కాలిపారి వెళ్లారు. కెంటకీకి బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ నుంచి మార్క్ పోప్ వచ్చారు. బ్రిగమ్ యంగ్‌కు ఫీనిక్స్ సన్స్ నుంచి కెవిన్ యంగ్ వచ్చారు. ఇదంతా నెల రోజుల లోపే. డాలస్‌లో ఒకరిని తీసేస్తే యూటాలో ఇంకొకరు కొలువులో చేరారు.

మా ఊళ్లో ఆ కొద్ది రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. బేలర్ కోచ్ స్కాట్ డ్రూ వస్తారన్నారు. తాను కదలనని ఆయన ప్రకటించారు. హర్లీ వస్తారన్నారు. రాలేదు. చివరికి పోప్ పేరు వచ్చింది. 1996లో కెంటకీ ఛాంపియన్ అయినప్పుడు ఆ జట్టు కెప్టెన్లలో ఆయనొకరు. కానీ హెడ్ కోచ్‌గా అప్పటికి ఎన్‌సీఏఏ టోర్నమెంటులో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మొదటి రోజు ఊరంతా పెదవి విరిచింది. రెండు రోజుల తర్వాత పరిచయ సభకు రప్ అరీనా కిక్కిరిసిపోయింది. మన పిల్లాడే ఇంటికొచ్చాడన్న సంబరం! అయిదేళ్లకు 2.75 కోట్ల డాలర్లు. పాత ఆటగాళ్లంతా వెళ్లిపోయి దాదాపు ఖాళీగా ఉన్న జట్టును తీసుకుని, మొదటి ఏడాదే చివరి 16 జట్ల వరకు తీసుకెళ్లారు.

కాంట్రాక్టు లోపల ఏముంటుంది?

అకౌంటెంటుగా నాకు నచ్చిన భాగం ఇది. కాంట్రాక్టు తెరవగానే ‘మూల వేతనం’ చూస్తే ఆశ్చర్యపోతాం, తక్కువగా ఉందని! 2009లో కాలిపారి మూల వేతనం 4 లక్షల డాలర్లే. అధ్యక్షుడి జీతమంత. అసలు సొమ్ము కింది పేరాల్లో ఉంటుంది. రేడియో, టీవీ కార్యక్రమాలకు, ప్రచారానికి అని మరో 30 లక్షలకు పైగా. మన దగ్గర బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు పెంచినట్టే.

తర్వాత బోనసులు. కాన్ఫరెన్స్ గెలిస్తే ఇంత, టోర్నమెంటులో ఒక్కో రౌండు దాటితే ఇంత. చాలా కాంట్రాక్టుల్లో ఆటగాళ్ల చదువుకూ బోనస్ ఉంటుంది. అయితే టైటిల్ గెలిస్తే వచ్చే దానికీ, పిల్లలు పాసైతే వచ్చే దానికీ పోలిక ఉండదు. కారు, కంట్రీ క్లబ్ సభ్యత్వం, ఇంటివాళ్లకు టికెట్లు వంటివి మామూలే.

అన్నిటికన్నా ముఖ్యమైంది బయౌట్. ఇది రెండు వైపులా కోసే కత్తి. గడువు కన్నా ముందు యూనివర్సిటీ తీసేస్తే మిగిలిన ఏళ్ల జీతంలో పెద్ద భాగం చెల్లించాలి. కోచ్ ముందే వెళ్లిపోతే ఆయన కట్టాలి, అంటే సాధారణంగా కొత్త యూనివర్సిటీ కడుతుంది. కాన్సస్ లాంటి చోట్ల ‘రోలింగ్’ ఒప్పందాలున్నాయి. ఏటా ఒక ఏడాది కలుస్తుంది కాబట్టి ఎప్పుడు చూసినా ఇంకా అయిదేళ్లు మిగిలే ఉంటాయి.

ఇన్నేళ్లు ఎందుకిస్తారు? ఆటగాళ్ల కోసం. ‘ఈ కోచ్ వచ్చే ఏడాది ఉంటాడో లేదో’ అనిపిస్తే హైస్కూలు కుర్రాడి తల్లిదండ్రులు పిల్లాణ్ని పంపరు. అందుకని ఇంకా రెండేళ్లుండగానే పొడిగిస్తారు. పొడిగించిన ఏడాదే జట్టు పడిపోతుంది. అప్పుడు బిల్లు వస్తుంది. ఇండియానా యూనివర్సిటీ 2021లో ఆర్చీ మిల్లర్‌ను తీసేసినప్పుడు బయౌట్ 1.035 కోట్ల డాలర్లు. దాతల డబ్బుతో కడుతున్నామని యూనివర్సిటీ చెప్పింది. 2024లో ఒహాయో స్టేట్ తన కోచ్‌ను తీసేసినప్పుడు లెక్క దాదాపు 1.28 కోట్లు. కొన్ని కాంట్రాక్టుల్లో ఒక మంచి షరతు ఉంటుంది. తీసేసిన కోచ్ మరో ఉద్యోగం వెతుక్కోవాలి, అక్కడొచ్చే జీతాన్ని బయౌట్‌లో తగ్గించుకుంటారు. ఆ ఒక్క పేరా ఉందా లేదా అన్న దాని మీద లక్షల డాలర్లు ఆధారపడి ఉంటాయి.

బయౌట్ ఎగ్గొట్టడానికి ఉన్న దారి ఒక్కటే. ‘తప్పు చేశాడు కాబట్టి తీసేశాం’ అని చూపించడం. కనెక్టికట్ అదే చేసింది. 2014లో టైటిల్ తెచ్చిన కెవిన్ ఆలీని 2018లో ఎన్‌సీఏఏ నిబంధనల ఉల్లంఘన కారణంగా చూపి తీసేసింది. వ్యవహారం మధ్యవర్తి ముందుకు వెళ్లింది. 2022 జనవరిలో ఆయనకు 1.1 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు వచ్చింది.

అందరూ ఒకేలా ఉండరు. వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ 2019లో ఛాంపియన్‌షిప్ గెలిచాక జీతం పెంచుతామంటే వద్దన్నారు. ఆ డబ్బు తన సహాయకులకూ ఇతర ఆటలకూ ఇమ్మన్నారు. భార్యతో కలిసి 5 లక్షల డాలర్లు విరాళమూ ఇచ్చారు. 2024 అక్టోబరులో, సీజన్ మొదలయ్యే ముందు, మారిన ఈ పద్ధతికి తాను తగనంటూ తప్పుకున్నారు. మహిళల జట్ల కోచ్‌లకూ ఇప్పుడిప్పుడే విలువ కడుతున్నారు. సౌత్ కరోలినాకు మూడు టైటిళ్లు తెచ్చిన డాన్ స్టేలీకి 2025 జనవరి ఒప్పందంలో ఏడాదికి 40 లక్షల డాలర్లు. మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్లో అప్పటికి అదే అత్యధికం. మగవాళ్ల జట్ల కోచ్‌లతో పోలిస్తే దూరం ఇంకా చాలానే ఉంది.

మన బిల్లులో ఆ లైను

ఇదంతా వాళ్ల గొడవ, మనకెందుకు అంటారేమో. కెంటకీ, కాన్సస్ లాంటి పెద్ద కార్యక్రమాలకు టీవీ, టికెట్ల ఆదాయం దండిగా ఉంటుంది. మధ్య తరగతి యూనివర్సిటీలకు అది లేదు. అక్కడ ఆటల బడ్జెట్లో పెద్ద వాటా విద్యార్థుల ఫీజుల నుంచీ, యూనివర్సిటీ సాధారణ నిధుల నుంచీ వస్తుంది. మన పిల్లలు ఎక్కువగా ఇన్‌స్టేట్ ఫీజు కోసం చేరేది ఇలాంటి ప్రభుత్వ యూనివర్సిటీల్లోనే.

మా అమ్మాయి బిల్లులోనూ ‘అథ్లెటిక్స్ ఫీజు’ అని ఒక లైనుంది. మూడేళ్లుగా ట్యూషన్, హాస్టలు, మీల్ ప్లాన్ చూసి కడుతున్నాం కానీ, ఆ లైను మీద మాకు ప్రశ్న రాలేదు. నిరుడు అక్కడ పురుషుల జట్టు కోచ్‌ను గడువు కన్నా ముందే పంపించేశారు. అదే వేసవిలో ఆ ఫీజు పెరిగింది. రెండిటికీ నేరుగా సంబంధం ఉందని నేను చెప్పలేను. దాతలే కట్టారని యూనివర్సిటీ ప్రకటన. కానీ దాత ఇచ్చే డాలరు బయౌట్‌కు పోతే స్కాలర్‌షిప్‌కు పోనట్టే కదా! ఆటగాళ్లకు పంచాల్సిన సొమ్ము కూడా ఇప్పుడు తోడయింది కాబట్టి ఈ లైను మీద ఇక ముందు ఇంకా ఒత్తిడి పడుతుంది.

అందుకని కాలేజీలు చూడటానికి వెళ్లినప్పుడు లైబ్రరీ, ల్యాబులతో పాటు ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. అథ్లెటిక్స్ ఫీజు ఏడాదికి ఎంత? అది బిల్లులో విడిగా కనిపిస్తుందా, ఇతర ఫీజుల్లో కలిసిపోయిందా? గత అయిదేళ్లలో ఎంత పెరిగింది? ఫీజులు పెంచే ముందు చాలాచోట్ల ట్రస్టీల బోర్డు సమావేశం బహిరంగంగానే జరుగుతుంది. తల్లిదండ్రులు వెళ్లి కూర్చోవచ్చు. మన సంఘాల వాళ్లు గుడికి, బతుకమ్మకు, ఉగాదికి ఎంత ఓపికగా తిరుగుతారో అందులో పదో వంతు ఇటు పెట్టినా చాలు.

నిచ్చెన కింది మెట్టు

ఇక మా అమ్మాయి సంగతి. కోట్ల జీతాలున్న ఉద్యోగమంటే కాదనే తల్లిదండ్రులెవరు? కానీ ఆ కుర్చీలు ఎన్ని? డివిజన్ వన్‌లో పురుషుల జట్లు 360కి పైగా ఉన్నాయి. అందులో ఈ స్థాయి జీతాలిచ్చేవి కొన్ని పదులు. వాటి కింద వేలమంది అసిస్టెంట్లు, వీడియో కోఆర్డినేటర్లు, ఆపరేషన్స్ సిబ్బంది ఉంటారు. హెడ్ కోచ్‌ను తీసేసిన రోజు వీళ్లలో చాలామంది ఉద్యోగాలూ పోతాయి. వీళ్లకు కోట్ల బయౌట్లుండవు. ఇల్లు అద్దెకు తీసుకుని, పిల్లల్ని బడిలో వేసి, ఏప్రిల్లో మళ్లీ పెట్టె సర్దుకోవాల్సిందే.

పైకి వెళ్లిన వాళ్లు లేకపోలేదు. విల్ వేడ్ క్లెమ్సన్‌లో స్టూడెంట్ మేనేజర్‌గానే మొదలై హెడ్ కోచ్ అయ్యారు. బెన్ మెక్‌కాలమ్ నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్‌లో, అదీ డివిజన్ టూలో, 15 ఏళ్లు పనిచేశారు. నాలుగు జాతీయ టైటిళ్లు గెలిచారు. అయినా పెద్ద పిలుపు రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. డ్రేక్‌లో ఒక్క ఏడాది చేశాక 2025లో అయోవా తీసుకెళ్లింది. ఆయన ఖాళీ చేసిన డ్రేక్ కుర్చీలోకి సౌత్ డకోటా స్టేట్ కోచ్ వచ్చారు. మళ్లీ కుర్చీలాట.

ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి మా అమ్మాయి ముందు పెట్టాను. అది శాంతంగా చదివింది. ‘‘అమ్మా, నువ్వు పైమెట్టు జీతాలు రాశావు. నేను అడుగుతున్నది కింది మెట్టు గురించి’’ అంది. పొద్దున అయిదింటికి లేచి బంతులు అందించడం, ప్రత్యర్థి జట్టు వీడియోలు ముక్కలు చేసి ఎవరు ఎటు నుంచి షాట్ కొడతారో లెక్క కట్టడం, ఆ లెక్క మ్యాచ్‌లో నిజమైతే కోచ్ తలూపడం... తనకు కావలసింది అదట. స్టాటిస్టిక్స్ చదివిన వాళ్లకు ఇప్పుడు ప్రతి జట్టులోనూ పని ఉందట. నాన్నగారు ఫోన్లో అంతా విని, ‘‘పిల్లలకు నేర్పే పనే కదమ్మా, నేను చేసిందీ అదే’’ అన్నారు. మావారు అప్పుడు నోరు విప్పారు. ‘‘చదువు ఆపకుండా ఏదైనా చెయ్యి’’ అన్నారు.

కుదిరిన ఒప్పందం ఇది. స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేస్తుంది. అదే యూనివర్సిటీ మహిళల జట్టులో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా పనిచేస్తుంది. ట్యూషన్ వాళ్లు కడతారు, నెలకు కొద్దిపాటి స్టయిపెండ్ ఇస్తారు. మూడేళ్లలో ఈ దారి నచ్చకపోయినా, మూసుకుపోయినా, చేతిలో డిగ్రీ ఉంటుంది.

కాగితం వచ్చింది. కోచ్‌ల కాంట్రాక్టులు పదుల పేజీలుంటాయి. దీనిది ఒకటే పేజీ. ఏడాదికే నియామకం, కారణం చూపకుండా రద్దు చేయొచ్చు, బయౌట్ మాటే లేదు. రెండుసార్లు చదివి, పెన్ను అమ్మాయి చేతికిచ్చాను.